కోటగుమ్మం మిట్ట

రాజమండ్రి చూడటానికి వచ్చేవాళ్ళంటే నాకు ప్రేమ. చూసేశాం అనేవాళ్ళంటే ఒళ్ళు మంట. పుష్కరఘాట్‌లో నాలుగు ఫొటోలు దిగి, పాత రైలువంతెన ముందు ఒక సెల్ఫీ తీసుకుని, రోజ్‌మిల్క్ తాగేసి, "అయిపోయిందండి, ఇంకేముంది ఇక్కడ?" అంటారు. వెయ్యేళ్ళ ఊరు. చాళుక్యులు రాజధాని చేసుకుని ఏలిన ఊరు. ముప్పావు గంటలో ఎలా అయిపోతుందో నాకు అర్థం కాదు.

ఆ మంటతోనే, ముప్పై నాలుగేళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాక, ఆదివారం నడక మొదలుపెట్టాను. పొద్దున్న ఆరింటికి కోటిపల్లి బస్టాండు దగ్గర బయల్దేరడం, కోటగుమ్మం, మెయిన్‌రోడ్డు, నల్లమందు సందు మీదుగా గోదావరి గట్టుకు చేరడం, మార్కండేయస్వామి గుడి దగ్గర ఆగడం. రెండు గంటల పని. ఊరి మీద అభిమానం ఉన్న పదిమందిమి కలిసి ఒక కమిటీ పెట్టుకున్నాం. దానికి సెక్రటరీ ఉదయభాస్కర్, మెయిన్‌రోడ్డులో బట్టలకొట్టు ఆయనది. మనిషి మంచివాడే గానీ మాటిమాటికీ వాచీ చూసుకుంటాడు.

ఆరేళ్ళు నడిపించాను. పోయిన చలికాలం నా గొంతు పోయింది. చిన్న ఆపరేషన్ చేశారు. మెల్లగా మాట్లాడుకోవచ్చు, గట్టిగా మాత్రం ఇక జన్మలో వద్దన్నాడు డాక్టరు. రోడ్డు మీద పాతికమందికి మెల్లగా ఏం చెప్తాం? ఇంకో మనిషిని వెతకాల్సి వచ్చింది. ఉదయభాస్కర్ అప్పటికే ఒక కుర్రాణ్ణి చూసిపెట్టాడు. టూరిజం కోర్సు చదివాడు, ఇంగ్లీషు గడగడా మాట్లాడతాడు. తెలియని సంగతి కూడా అంతే గడగడా చెప్తాడని నా అనుమానం.

సరిగ్గా అప్పుడు మా ఇంటికి సుబ్బాయమ్మ వచ్చింది.

సుబ్బాయమ్మది ధవళేశ్వరం. ఆనకట్ట దిగువన మొగుడు త్రిమూర్తులు వల వేస్తే, తెల్లారేసరికి ఆ చేపలు బుట్టకెత్తుకుని మొదటి బస్సుకు రాజమండ్రి వచ్చేది. పెళ్ళయిన రెండో ఏట మొదలుపెట్టి ముప్పై రెండేళ్ళు తిరిగింది. కోటిపల్లి బస్టాండులో దిగి, వీధి వీధీ నడిచి, మధ్యాహ్నానికి బుట్ట ఖాళీ చేసుకుని వెళ్ళిపోయేది. ఏ ఇంట్లో కొర్రమీను తింటారో, ఏ ఇంట్లో బొమ్మిడాయిలు తప్ప ముట్టరో, ఏ ఇంటి ముసలాయనకు ముల్లు తీసి పెట్టాలో అన్నీ ఆవిడకు నోటికి వచ్చు. బేరం దగ్గర మాత్రం మహా గట్టిది. "ఆ రేటుకి నీళ్ళొస్తాయండి, చేపలు రావు" అని మా ఆవిడతో ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు.

ఆ రోజు బుట్ట లేకుండా వచ్చింది. గుమ్మంలో నిలబడితే మా ఆవిడ ఒక్క క్షణం గుర్తుపట్టలేకపోయింది.

"ఏంటి సుబ్బాయమ్మా, ఉత్త చేతుల్తో వచ్చావు?" అన్నాను.

"మెడలో ఎముకలు అరిగిపోయాయంటండి. ఇంక బుట్ట ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. మా వీరబాబు మార్కెట్లో కొట్టెట్టాడు కదండి, నువ్వు ఇంట్లో కూర్చోమ్మా, నేను చూసుకుంటాను అంటున్నాడు." వీరబాబు ఆవిడ కొడుకు.

"మంచిదేగా. ఇన్నాళ్ళూ కష్టపడ్డావు, హాయిగా కూర్చో."

"ఏం హాయండి?" సుబ్బాయమ్మకు కోపం వచ్చింది. "ముప్పై రెండేళ్ళు ఈ ఊరు నా కాళ్ళ కింద ఉందండి. నెల్రోజులయింది నడిచి. నిన్న బస్సులోంచి కోటగుమ్మం చూస్తే, ఎవరిదో ఊరు చూసినట్టు ఉందండి నాకు. ఏడుపొచ్చేసింది." కొంగుతో మొహం తుడుచుకుంది. "మీకు గొంతు పోయిందంట. నాకు గొంతుందండి. మీ ఆదివారపోళ్ళని నేను తిప్పుతాను."

నేను నవ్వలేదు. మా ఆవిడ నవ్వింది, వెంటనే నాలుక కరుచుకుంది.

కమిటీలో ఈ మాట చెప్పేసరికి ఉదయభాస్కర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "చేపలమ్మే ఆవిడ హిస్టరీ చెప్తుందా మాస్టారూ? వచ్చేవాళ్ళు చదువుకున్నవాళ్ళండి. మన పరువేం కావాలి?" అన్నాడు. గంటసేపు వాదించాను, ఉన్న కాస్త గొంతూ పోయేదాకా. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. రెండు వారాల్లో హైదరాబాదు నుంచి ఒక బ్యాంకు వాళ్ళు వస్తున్నారు, ఇరవై రెండుమంది. ఆ ఒక్క నడకా సుబ్బాయమ్మ నడిపించాలి. బాగుంటే ఆవిడే గైడు. తేడా వస్తే ఆ కుర్రాడు, ఇంక నేను నోరెత్తకూడదు.

ఇక్కడ నా తెలివితక్కువ ఒకటి చెప్పాలి. సుబ్బాయమ్మను ఎన్నుకున్నది నేను, కానీ మాట్లాడాల్సింది మాత్రం నా మాటలే అనుకున్నాను. ఆవిడకు బస్సు బోర్డులు చదివేంత చదువే ఉంది. అందుకని నా ప్రసంగమంతా ముక్కలు ముక్కలుగా ఫోన్లో మెల్లగా రికార్డు చేసి వాట్సాప్‌లో పంపాను. రాజులు, సంవత్సరాలు, శాసనాలు, అన్నీ. మొత్తం పందొమ్మిది ముక్కలు. సుబ్బాయమ్మ రెండు వారాలు అన్నం వండుతూ, వలలు బాగుచేస్తూ అవే విన్నదట. "ఇంట్లో రాజులు తప్ప ఇంకో మాట లేదండి మాస్టారూ" అని త్రిమూర్తులు నాకు ఫోన్ చేసి మొరపెట్టుకున్నాడు.

ఆ ఆదివారం వచ్చింది. సుబ్బాయమ్మ జరీ అంచు ఆకుపచ్చ చీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని, నాకంటే ముందే బస్టాండులో ఉంది. బ్యాంకువాళ్ళు టోపీలు, నీళ్ళసీసాలతో దిగారు. ఉదయభాస్కర్ వాచీతో దిగాడు.

మొదలుపెట్టింది. గొంతు ఖంగుమంది. ముప్పై రెండేళ్ళు మేడ మీద మనిషికి కూడా వినపడేలా కేకవేసిన గొంతు మరి.

"ఈ నగరమును తూర్పు చాళుక్య ప్రభువైన రాజరాజనరేంద్రుడు..." అని ఆగి, రెండుసార్లు దగ్గి, "...రాజధానిగా చేసుకుని పరిపాలించెను" అంది. నాకు చెమటలు పట్టాయి. అది నా దగ్గు. రికార్డు చేసేటప్పుడు ఎక్కడ దగ్గానో సరిగ్గా అక్కడే దగ్గింది. అంతటితో ఆగిందా? వాక్యం అవగానే చెయ్యెత్తి, "వెనక బెంచీ! వినపడుతోందా?" అని గద్దించింది.

అది నా ముప్పై నాలుగేళ్ళ అలవాటు. నా నోట్లోంచి ఎప్పుడు పడుతుందో నాకే తెలియదు. బ్యాంకువాళ్ళు బెంచీ ఎక్కడుందా అని వెనక్కి తిరిగి చూశారు. ఉదయభాస్కర్ నా వైపు చూసిన చూపు మాత్రం ఇప్పటికీ మర్చిపోలేను.

అలాగే కోటగుమ్మం చేరాం. పేరుకే కోటగుమ్మం. అక్కడ కోటా లేదు, గుమ్మమూ లేదు. సెల్‌ఫోను షాపులు, ఆటోలు, టిఫిన్ బళ్ళు. సుబ్బాయమ్మ నా పాఠం ఎత్తుకుంది. "ఇచ్చట ఒకప్పుడు కోట ఉండెడిది. ఇప్పుడు ఆనవాలేమీ లేదు. చాళుక్యుల తర్వాత కాకతీయులు, ఆ తర్వాత... ఆ తర్వాత..."

రెడ్డిరాజుల దగ్గర ఆగిపోయింది. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఒకరిద్దరు ఫోన్లు తీశారు. ఉదయభాస్కర్ వాచీ చూశాడు. అందిద్దామంటే నాకు గొంతు లేదు. సుబ్బాయమ్మ మొహం ఎర్రబడింది. ఏం చెయ్యాలో తోచక నాలుగడుగులు ముందుకు నడిచింది. మేమూ వెనకాలే నడిచాం.

ఉన్నట్టుండి ఆవిడ కుడిచెయ్యి పైకి లేచి తల పక్కన గాలిలో నిలబడింది. లేని దేన్నో పట్టుకున్నట్టుగా.

"ఏంటమ్మా, మెడ పట్టేసిందా?" అని అడిగింది బ్యాంకువాళ్ళలో ఒకావిడ.

సుబ్బాయమ్మ తన చెయ్యి తనే చూసుకుని నవ్వేసింది. "కాదండి, బుట్ట పట్టుకున్నాను. ఇక్కడ మిట్ట ఉంది కదండి, అలవాటుకి చెయ్యి లేచిపోయింది."

"మిట్టేంటి? రోడ్డు బల్లపరుపుగా ఉందిగా" అన్నాడు ఉదయభాస్కర్.

"మీ కళ్ళకి అలాగే ఉంటదండి. ఆయ్, నా మెడకి తెలుసు." ఇప్పుడు గొంతు నాది కాదు, ఆవిడదే. "చేపల మీద ఐసు కరిగి బుట్టలోంచి నీళ్ళు కారతాయి కదండి. బస్టాండు కాడ్నించి ఇక్కడిదాకా వస్తుంటే ఆ నీళ్ళు నా వీపు మీద కారేవి. ఇదిగో, ఈ చోటు దాటానా, మొహం మీదకి కారేవండి. రోజూ ఇంతే. ఎన్నిసార్లు తారు పోసినా ఇంతే. ఎక్కుడు ఇక్కడ అయిపోద్ది, దిగుడు ఇక్కడే మొదలవుద్ది."

"ఊరికే చెప్తే ఎలాగమ్మా?" అన్నాడు ఉదయభాస్కర్.

"ఊరికే ఎందుకండి? మీ చేతిలో సీసా ఉంది కదండి, పొయ్యండి."

ఆయన పట్టుదలగా మూత తీసి, సుబ్బాయమ్మ కాలితో చూపించిన చోట నీళ్ళు పోశాడు. నీళ్ళు ఒక్క క్షణం అక్కడే ముద్దగా నిలబడ్డాయి. తర్వాత రెండు పాయలయ్యాయి. ఒకటి మేము వచ్చిన దారినే వెనక్కి పాకింది. ఇంకొకటి ముందుకు, గోదావరి వైపుకు పోయింది. ఉదయభాస్కర్ పంచె తడుస్తున్నా చూసుకోకుండా గొంతుక్కూర్చుని దాన్నే చూస్తున్నాడు. వాచీ గుర్తులేదు.

"మట్టిగోడ కోటంట కదండి, మాస్టారి పాఠంలో ఉంది. ఆ గోడ ఇదేనో కాదో నాకు తెలవదండి. తెలవంది చెప్పను. మిట్ట మాత్రం ఉంది" అంది సుబ్బాయమ్మ.

నాకు సిగ్గేసింది, దాంతోపాటే ఛాతీ పొంగింది. ఆ రెంటిలో ఏది ఎక్కువో చెప్పలేను. ఆరేళ్ళలో ఎన్ని ఆదివారాలో, ఆ మిట్ట మీదే నిలబడి, "ఇప్పుడు ఆనవాలేమీ లేదు" అని చెప్పాను నేను. ఆ మిట్టను తవ్వి చూసినవాళ్ళెవరూ నాకు తెలియదు కాబట్టి ఇప్పటికీ అది కోటేనని రాసివ్వను. కానీ ఆనవాలు లేదన్న మాట మాత్రం మళ్ళీ అనను.

ఆ తర్వాత నా పాఠం ఎవరికీ అక్కర్లేకపోయింది. ఇందాక మెడ సంగతి అడిగినావిడ తన హ్యాండ్‌బ్యాగు నెత్తిన పెట్టుకుని మిట్ట ఎక్కి దిగింది, "అవునే!" అని అరిచింది. ఇంకో నలుగురు ఎక్కి దిగారు. సుబ్బాయమ్మ మెయిన్‌రోడ్డు పెద్దమసీదు గుమ్మం మీద ఏడొందల ఏళ్ళ నాటి శాసనం చూపించి, ఎండాకాలంలో తనకు మంచినీళ్ళు ఇచ్చిన చోటు కూడా అదేనని చెప్పింది. నల్లమందు సందులో రెండు బుట్టలు ఎదురైతే ఎవరు వెనక్కి తగ్గాలో చెప్పింది. "ఎవరి బుట్టలోంచి నీళ్ళు కారుతుంటే వాళ్ళదండి దారి. ఖాళీ బుట్ట తగ్గాలి. ముప్పై రెండేళ్ళలో ఈ సందులో ఒక్క తగువు లేదండి."

గట్టు మీదకు రాగానే గోదావరి కనపడింది. పాతవంతెన పొద్దుటెండలో ఉంది. అక్కడ నా పాఠమే ఒక్క దగ్గు లేకుండా చెప్పింది, పందొమ్మిది వందల సంవత్సరంలో మొదటి రైలు నడిచిందనీ, స్తంభాల మధ్య యాభై ఆరు ఖానాలనీ, తొంభై ఏడులో రైళ్ళు ఆపేశారనీ. చెప్పి, "ఇది కంఠతా పట్టక్కర్లేకపోయిందండి. మా మావగారి తాత ఈ వంతెనకి పడవ మీద రాళ్ళు చేరేశాడంట. చూడండి, ఎలా నిలబడిందో!" అంది. తన సొంత ఇల్లు చూపించినట్టు చెయ్యి చాపి చూపించింది. ఇరవై రెండుమందీ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, చేతులు మండేదాకా.

గుడి దగ్గర ఉదయభాస్కర్ నా మెడలోని గైడు కార్డు కోసం చెయ్యి చాపాడు. తీసి ఇచ్చాను. "సుబ్బాయమ్మ గారూ, వచ్చే ఆదివారం విశాఖపట్నం వాళ్ళండి, ముప్పైమంది" అంటూ ఆవిడకు అందించాడు. గారు అనడం అదే మొదలు. సుబ్బాయమ్మ కార్డును అరచేతిలో ఎత్తి బరువు చూసింది. "డాక్టరు ఏమీ మొయ్యొద్దన్నాడండి" అంది. మళ్ళీ తనే, "ఇది మోస్తాన్లెండి" అని మెడలో వేసుకుంది.

ఇప్పుడు ప్రతి ఆదివారం నేను అందరికంటే వెనక నడుస్తాను. నా పని ఎవరూ తప్పిపోకుండా చూడటం. ముందు ఏం చెప్తున్నారో ఒక్కోసారి ఆటోల మోతలో సరిగ్గా వినపడదు కూడా. కోటగుమ్మం మిట్ట మీదకు రాగానే ముందు నుంచి ఖంగుమని కేక వస్తుంది.

"వెనక బెంచీ! వినపడుతోందా?"

అందరూ వెనక్కి తిరిగి నన్ను చూస్తారు. బదులు చెప్పడానికి నాకు గొంతు లేదు. చెయ్యెత్తుతాను.