అడుగున చిల్లున్న సీసాలు

ఇన్నేళ్ళూ దీన్ని కడుపులో పెట్టుకుని తిరిగాను. ఇంట్లోవాళ్ళకి చెబితే మళ్ళీ నా ముఖం చూడరు. ఊళ్ళోవాళ్ళకి చెప్పే ధైర్యం లేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మా ఊరి నుంచి అద్దంకి వెళ్ళే రోడ్డు పక్కన చెత్త ఏరడానికి ఆదివారం ఆదివారం కొంతమంది వెళ్ళేవారు. ఆ జట్టుకి కోటయ్య గారు పెద్ద. మా చుట్టుపక్కల పురుగుమందు కొట్టకుండా మిర్చి పండించే రైతు ఆయనొక్కడే. ఆ మాట నమ్మే గుంటూరు నుంచి కార్లలో వచ్చి ఆయన కాయలు కొనుక్కెళ్ళేవాళ్ళు. ఆయనో నియమం పెట్టారు. ఖాళీ పురుగుమందు సీసాలు ఎవరి చేను గట్టున దొరికితే వాళ్ళే, అందరూ చూస్తుండగా, ఏరి గోతాంలో వెయ్యాలి.

ఒక ఆదివారం మా పత్తిచేను గట్టున దొరికాయి. మావి కావు. ఎవరో బండి మీద పోతూ విసిరేసినవి. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. మావి కావండీ అని ఒక్కసారి అన్నాడు. అందరూ చెప్పే మాటే అదని కోటయ్య గారు కొట్టిపారేశారు. మా ఆయన వంగి ఏరుతుంటే ఎవరో ఫోన్లో వీడియో తీశారు, ఎవరో నవ్వారు. ఆ రోజు నుంచి ఆయన టీ కొట్టుకి వెళ్ళడం మానేశాడు. చేనుకి కూడా రోడ్డు వదిలేసి వాగు చుట్టూ తిరిగి వెళ్ళేవాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట చల్లారనివ్వలేదు నేను. తర్వాతి ఆదివారం గోతాం పట్టుకుని అదే జట్టులో చేరాను. తప్పు తెలుసుకుని వచ్చిందనుకున్నారు. అనుకోనీ అనుకున్నాను.

దొరికిన సీసాల్ని మళ్ళీ ఎవరూ నీళ్ళకీ నూనెకీ వాడకుండా అడుగున మేకుతో చిల్లు పొడిచి, పంచాయతీ ఆఫీసు వెనక గోతాల్లో దాచేవాళ్ళం. చిల్లు పొడిచే పని నాకిచ్చారు. పొడిచిన ప్రతిసారీ ఎవర్ని తలుచుకునేదాన్నో వేరే చెప్పాలా?

మిర్చి కోతలప్పుడు, మర్నాడు ఆదివారం గుంటూరు వాళ్ళు కాయలు చూడటానికి వస్తున్నారని తెలిసింది. ఆ సాయంత్రం గోతాంలోంచి కొన్ని సీసాలు తీసి కోటయ్య గారి మిరపచేను గట్టున గడ్డిలో పెట్టాను.

పొద్దున అందరూ చూశారు. కొనడానికొచ్చినవాళ్ళూ చూశారు. చెప్పేవి శ్రీరంగనీతులని వెనకాల ఎవరో అన్నారు. ఇప్పుడెలా ఉంది అని లోపల్లోపల గంతులేశాను. ఆయన గట్టు దిగి, తన నియమం ప్రకారం వంగారు. మిగతావాళ్ళు రోడ్డు మీదే ఆగిపోయారు. నేను మాత్రం గోతాం పట్టుకుని పక్కకి వెళ్ళాను. ఆ ముఖం దగ్గర్నుంచి చూడాలని.

ఆయన ఒక సీసా తిరగేశారు. అడుగున చిల్లు. పగ మత్తులో ఆ చిల్లు సంగతే మర్చిపోయాను. ఆయన దాని మీద బొటనవేలు పెట్టి, తలెత్తి నన్ను చూశారు. గొంతు తగ్గించి అడిగారు.

"ఆ రోజు మీ ఆయన ఏరినవి కూడా మీవి కావు కదమ్మా?"

"కావండి."

తలూపారు. చిల్లు ఎవరికీ కనపడకుండా సీసాని నా గోతాంలో వేసి, మిగతావి ఏరుకున్నారు.

ఒక్క సీసా ఎత్తి చూపిస్తే ఆ నింద నుంచి బయటపడేవారే. ఎందుకు చూపించలేదు? మా ఆయనకి చేసినదానికి తనకి తనే శిక్ష వేసుకున్నారా? నా మీద జాలిపడ్డారా? ఆ జాలి నాకక్కర్లేదు. అంత తెలిసిన మనిషి ఆ రోజే మా ఆయన మాట నమ్మి ఉండొచ్చు కదా?

గుంటూరు వాళ్ళు ఉత్త చేతులతో వెళ్ళారు, మళ్ళీ రాలేదు. ఇప్పుడాయన కాయలూ అందరి కాయలతో పాటు మిర్చి యార్డుకే పోతున్నాయి. జట్టు చెదిరిపోయింది. మా ఆయన టీ కొట్టుకి మళ్ళీ వెళ్తున్నాడు. కోటయ్య గారు రారు.

తృప్తి కలగలేదంటే అబద్ధం. కలిగింది. ఇప్పటికీ కొంత ఉంది. కానీ కొన్ని ఆదివారాలు ఆయన ఒంటరిగా రోడ్డు పక్కన వంగి ఏరుతూ కనిపిస్తారు, నేను బస్సులో ముఖం తిప్పుకుంటాను. క్షమించమని ఆయన్నీ అడగను, మిమ్మల్నీ అడగను. ఒక్క మాట నా నోటితో అంటే చాలు. మా ఆయన అన్నప్పుడు ఎవరూ వినని మాటే అది.

ఆ సీసాలు కోటయ్య గారివి కావు.