గోడకి బొటనవేలు

నా చిన్నప్పుడు మా ఇంటి పరువు ఒక కర్టెన్ కడ్డీకి వేలాడుతుండేది. మాటవరసకి అనడం లేదు, నిజంగానే.

తొంభైల్లో మాట. మేం పూర్ణా మార్కెట్ వెనక సందులో ఉండేవాళ్ళం. నాన్నకి స్టీల్‌ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. అమ్మ ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. ఆ గదిలోంచి కొట్టుగదిలోకి వెళ్ళే గుమ్మానికి తలుపు లేదు. దానికి ఒక పూల కర్టెన్ కట్టి, ఆ కొట్టుగదినే ట్రయల్ రూము అనుకునేవాళ్ళం. బియ్యం బస్తా పక్కన నిలబడి మా సందులో ఆడవాళ్ళందరూ జాకెట్లు వేసుకుని చూసుకునేవాళ్ళు. అమ్మ చేతిలో కత్తెర పడితే కొలత తప్పేది కాదు, అంచేత బియ్యం బస్తాని ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకోవాల్సి వచ్చింది ఆ కడ్డీనే. మధ్యాహ్నం అయ్యేసరికి హార్బరు వైపునుంచి గాలి లేచేది. వీధి తలుపులోంచి దూరి, కొట్టుగది కిటికీలోంచి బయటపడేది. దారిలో కర్టెన్‌ని కడుపు ఉబ్బేలా నింపేది. కడ్డీ ధడాలున కింద పడేది. ఒకరోజు పక్కింటి అత్త లోపల ఒక చేతికి జాకెట్ తొడుక్కుని రెండో చెయ్యి వెతుక్కుంటూ ఉండగా సరిగ్గా ఆ పనే జరిగింది. కుట్టుకి వెలుతురు ఆ వీధి తలుపులోంచే, అందుకని అది బార్లా తీసి ఉంది, బయట అరటిపళ్ళ బండి ఆగి ఉంది. ఆవిడ పెట్టిన కేక హార్బర్లో ఓడలవాళ్ళకి కూడా వినపడే ఉంటుంది.

ఆ తరవాత సందులో ఆడవాళ్ళు మా ఇంటికి రావడం తగ్గిపోయింది. ముందు కొలతలిచ్చి, ఇంటికెళ్ళి వేసుకు చూసుకుంటాంలే అనేవాళ్ళు. కొన్నాళ్ళకి మద్దిలపాలెంలో ఒక టైలరు దగ్గర తలుపున్న ట్రయల్ రూము ఉందట అని ఒకరికొకరు చెప్పుకోవడం మొదలైంది. అమ్మ ఊరికే ఖాళీ మిషనుకి నూనె వేసి తుడుస్తూ ఉండేది. అది చూస్తే నాకు ఏడుపొచ్చేది.

అలాంటి సమయంలో పక్కింటి అత్తే, పాపం ఎంత అభిమానమో, తన కూతురి పెళ్ళి జాకెట్లన్నీ అమ్మకే ఇచ్చింది. కానీ ఒక మాట అంది. "ఆదివారం మగపెళ్ళివారి ఆడోళ్ళు కూడా వత్తారు. ఆళ్ళ ముందర గానీ ఆ కర్ర పడిందా, నాను తలెత్తుకోలేను వదినా." అత్త వెళ్ళాక అమ్మ మెల్లిగా అంది, ఈసారి పడితే మిషను అటకెక్కించేస్తానని. అమ్మ అన్నదంటే చేస్తుంది. 

నాన్న ఆ వారమంతా గోడతో యుద్ధం చేశాడు. పాతకాలపు సున్నం గోడ, గుల్లబారింది, తప్పంతా దానిదే అని మా అందరి నమ్మకం. ఉన్న కన్నాలు పెద్దవి చేసి చెక్కముక్కలు దిగ్గొట్టాడు, కడ్డీ కూర్చునే బ్రాకెట్లని పొడుగు మరలతో మళ్ళీ బిగించాడు, సిమెంటు మెత్తాడు. మర్నాడు గాలి వచ్చింది. కడ్డీ పడింది. మేమంతా మళ్ళీ గోడనే తిట్టుకున్నాం.

మా తాతయ్య పోర్టులో కళాసీగా చేసి రిటైరయ్యాడు. ఓడలోంచి దిగే సరుకుకి తాళ్ళు కట్టి క్రేను కొక్కేనికి తగిలించడం ఆయన పని. అరుగు మీద కూర్చుని మా యుద్ధమంతా చూసి చూసి, శనివారం నన్ను పిలిచాడు. "అమ్మీ, ఇలా రా. నువ్వు కాసేపు గోడవి" అన్నాడు. ముసలాయనకి సరదా ఎక్కువ, ఇదేదో ఆట అనుకుని వెళ్ళాను. గుమ్మం పక్కన స్టూలు ఎక్కించి, రెండు చేతులూ దూరంగా చాపమని, అరచేతుల మీద కర్టెన్‌తో సహా కడ్డీని పెట్టాడు. పడెయ్యకూడదు, అదీ ఆట.

ముందు కర్టెన్ పట్టుకుని కిందికి గుంజాడు. నా చేతులు నొప్పెట్టాయి గానీ కడ్డీ కదల్లేదు. ఇంకా గట్టిగా గుంజాడు, పళ్ళు బిగించి నిలబడ్డాను. నాకన్నా గట్టి గోడ లేదని విర్రవీగుతున్నాను. అప్పుడాయన కర్టెన్ వదిలేసి, వెళ్ళి వీధి తలుపు తీశాడు. గాలి లోపలికొచ్చింది, కర్టెన్ ఉబ్బింది, కడ్డీ నా అరచేతుల్లోంచి ఒక్కసారి పైకి లేచింది. నాకెవరూ చెప్పలేదు, నేనూ అనుకోలేదు, నా బొటనవేళ్ళు రెండూ వాటంతట అవే దాని మీదికి ముడుచుకున్నాయి. కడ్డీ వేళ్ళకి తగిలి మళ్ళీ అరచేతిలో కూర్చుంది.

తాతయ్య పడీ పడీ నవ్వాడు. "ఇప్పుడు సెప్పు. ఊడతంది గోడా, కర్రా? కర్ర కిందకి పడతందా, పైకి ఎగురుతందా?" అన్నాడు. తల ఎత్తి చూశాను. గోడకి కొట్టిన బ్రాకెట్లు పెట్టినచోటే చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఒక్కసారి కూడా ఊడలేదు! ఊడింది ఎప్పుడూ కడ్డీయే, అదీ ఆ బ్రాకెట్ల తెరుచుకున్న నోళ్ళలోంచి పైకి గెంతి. "కొక్కేనికి బరువున్నంతసేపూ తాడు కదలదే. వదులైతే సాలు, జారిపోద్ది. నీకు బొటనేలుంది, గోడకి లేదు. నువ్వే ఎట్టాలి" అనేసి చుట్ట ముట్టించుకున్నాడు. ఎలా పెట్టాలని అడిగితే వినపడనట్టు కూర్చున్నాడు.

అమ్మ టైలరింగు సుద్దముక్క తీసుకుని గచ్చు మీద బ్రాకెట్లు గీశాను. మొదట నోరే లేకుండా గుండ్రటి రింగు గీశాను. అమ్మ మిషను దగ్గర్నుంచే చూసి, "ఉతకడానికి కర్టెన్ ఎలా తీత్తావే?" అంది. నిజమే, ఒక పక్క గోడ, ఇంకో పక్క బీరువా, కడ్డీని పక్కకి లాగడానికి జాగా ఏది? ఇనుప తీగ చుట్టేద్దామన్నాను. ఉతికినప్పుడల్లా నీ పెళ్ళినాటి వరకు విప్పుతూ కూర్చోవాలా అంది. నాకు ఉక్రోషం వచ్చి కొట్టుగదిలోకి పోయి బియ్యం బస్తా మీద కూర్చోబోయాను. కూర్చోలేదు. బస్తా మూతిని దగ్గరకి మడిచి, రెండు అంచుల్లోంచి తాతయ్య గుచ్చిన దబ్బనం నిలబడి ఉంది. గోనెసంచులు కుట్టే లావుపాటి సూది అది. దూర్చితే మూతి మూసుకుంటుంది, లాగితే తెరుచుకుంటుంది. నేను వేసిన కేక పక్కింటి అత్త కేకకేమీ తీసిపోదు.

సాయంత్రం తాతయ్య నన్ను వెల్డింగు షాపుకి తీసుకెళ్ళాడు. అక్కడతను ఏం కావాలని ఆయన్ని అడిగితే, ఆయన రోడ్డు మీద పోయే బస్సుని చూస్తూ, "నన్నేటి అడుగుతావు బావ, ఇంజనీరు నీ ముందరే ఉంది కదా" అన్నాడు. నేనే చెప్పాను. ఇనుప పట్టీని కడ్డీ కూర్చునేలా గరిటె గుంటలా వంచాలి, ఆ గుంటకి ముందు కొమ్మూ వెనక కొమ్మూ కడ్డీ కన్నా ఎత్తు ఉండాలి, పైన రెంటికీ ఎదురెదురుగా కన్నాలు పొడవాలి. దబ్బనం ముందునుంచి వెనక్కి దూరాలి, మొన గోడవైపు ఉంటే ఎవరికీ గుచ్చుకోదు. దబ్బనానికి కన్నం ఉంది కాబట్టి, దారంతో బ్రాకెట్టుకే కట్టేస్తే పోదు. అతను వినీ వినీ సుత్తి పట్టుకున్నాడు. రాత్రికి నాన్న వాటిని బిగించాడు, ఆ తిట్లు తిన్న గోడకే.

ఆదివారం మధ్యాహ్నం ముందుగది నిండా పట్టుచీరలు. పెళ్ళికూతురు కర్టెన్ వెనక్కి వెళ్ళింది. అమ్మ వీధి తలుపు వెయ్యబోతే తాతయ్య వద్దని సైగ చేశాడు. గాలి రానే వచ్చింది. కర్టెన్ ఉబ్బింది. పక్కింటి అత్త కళ్ళు మూసుకుంది. కడ్డీ ఎగిరి దబ్బనానికి టంగుమని కొట్టుకుని, మళ్ళీ తన చోట్లో కూర్చుంది. మళ్ళీ ఎగిరింది, టంగుమంది, కూర్చుంది. లోపల పెళ్ళికూతురు తాపీగా చేతులు బిగువయ్యాయా లేదా అని అడుగుతోంది. ఆమె బయటికొచ్చాక అత్త ఉండబట్టలేక వెళ్ళి, రెండు చేతులా కర్టెన్ పట్టుకుని గుంజింది, ఎత్తింది, ఊపింది. కడ్డీ ఊడలేదు. "ఓలమ్మో, ఎవులు సేసేరిది?" అంది. అమ్మ నా వైపు చూపించింది. అప్పటి అమ్మ చూపు ముందు నాకు తరవాత వచ్చిన ఏ బహుమతీ ఆనలేదు.

మగపెళ్ళివారు కూడా వాళ్ళ జాకెట్లు అమ్మకే ఇచ్చి వెళ్ళారు. మిషను అటకెక్కలేదు, నా చదువు ముగిసేదాకా ఆగనూ లేదు. గాలికి బాధపడే ఇళ్ళవాళ్ళు మా సందులో చాలామందే, వాళ్ళంతా వెల్డింగు షాపుకి పోయి "బొటనేలు బ్రాకెట్టు" ఇమ్మని అడిగేవాళ్ళు. ఆ మాట వినపడ్డప్పుడల్లా నేను అటుగా ఇంకోసారి నడిచేదాన్ని.

ఇన్నేళ్ళ తరవాత కూడా, ఏదైనా చెడిందని నలుగురూ చేరి గోడని తిడుతుంటే నేను గొంతు కలపను. ఊడింది ఏమిటో, ఎటువైపు ఊడిందో ముందు చూస్తాను. కష్టంతో బరువెక్కినప్పుడు మనుషుల్ని అందరూ పట్టుకుంటారు, నేను మాత్రం వాళ్ళు కాస్త తేలికపడ్డ రోజున, జారేది అప్పుడే కదా అని, ఇంకోసారి పలకరిస్తాను. అప్పుడు నా బొటనవేళ్ళు రెండూ, స్టూలు మీద నిలబడ్డ నాటిలాగే, వాటంతట అవే ముడుచుకుంటాయి.