‘శ్రీ’లు చాలని అచ్చాఫీసు

మా సంపాదకులు గిద్దలూరులో కన్నుమూశారని నాకు దొనకొండ స్టేషన్లో తెలిసింది. రైలు దిగిన పలకల వ్యాపారి ఒకడు చెప్పాడు. “మీ పెద్దయ్య పోయినాడంటనే. నిద్రలోనే పోయినాడంట.” అంతే. అదే గుక్కలో, పెట్టెలు మోసే కూలీలు ఇంకా రాలేదని తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. ఆ మనిషి మీద నాకు కోపం రాలేదు. ఏడుపైతే నటించలేదు గదా. తర్వాత వారం రోజుల్లో చూసిన ఏడుపుల ముందు అతని తిట్లే మర్యాదగా తోచాయి.

పెద్దయ్య అని మేమంతా పిలిచే ఆ మనిషి మార్కాపురంలో ఒక పత్రిక నడిపారు. మొదట వారపత్రిక. పలకల గోదాము ఒకటి అద్దెకు తీసుకుని, మద్రాసులో ఎవరో వదిలించుకున్న కాలితొక్కుడు యంత్రాన్ని గూడ్సు బండిలో తెప్పించారు. గోడల నిండా పలకల దుమ్ము. కాగితం మీద చెయ్యి పెడితే సిరాతోపాటు ఆ బూడిదరంగు కూడా అంటేది. కరువొచ్చిన ఏడాది దాన్ని దినపత్రిక చేశారు. ఎందుకింత సాహసమని నేనడిగితే, “ఆకలి వారానికొకసారి కాదు గదా నాయనా అయ్యేది” అన్నారు.

ఒకే కాగితం, రెండు వైపులా అచ్చు. పొద్దున రైల్లో మద్రాసు పత్రికలు వచ్చేవి. వాటిలోని ప్రపంచాన్నంతా పెద్దయ్య నాలుగు ముక్కలకు కుదించేవారు. మిగతాదంతా మా తాలూకాల సంగతులే. మేతకు వేసే పుల్లరి పన్ను కట్టలేదని బందెలదొడ్డికి తోలిన మేకలు, ఎండిన బావులు, రాని పంతుళ్లు. సాయంత్రానికి అచ్చు పూర్తయితే ఒక కట్ట దొనకొండ వైపు, ఒక కట్ట కంభం, గిద్దలూరు వైపు రైలెక్కేవి. అర్ధవీడుకు పోయే కట్టను సంతకొచ్చిన గొర్రెలకాపరులు కంబళ్లలో చుట్టుకుని తీసుకుపోయేవారు. నేను మొదట ప్రూఫులు దిద్దేవాణ్ణి. తర్వాత వార్తల కోసం ఊళ్లు తిరిగేవాణ్ణి.

ఊరి పెద్దమనుషులకు ఆ పత్రికతో ఒకటే పని. తమ పేరు అచ్చులో చూసుకోవడం. ఇంట్లో పెళ్లయినా, గుర్రానికి జ్వరం తగ్గినా కాగితం ముక్క పట్టుకుని వచ్చేవారు. పేరుకు ముందు మూడు ‘శ్రీ’లు ఉండాలని ఒకాయన పట్టుబట్టాడు. పెద్దయ్య సీసపు అక్షరాల పెట్టె లాగి చూపించారు. “మా దగ్గర శ్రీలు తక్కువున్నాయి. మనిషికొకటి ఇస్తే ఊరంతటికీ సరిపోతాయి. మీకే మూడిస్తే ఇద్దరు దరిద్రులు కావాల.” ఆయన నవ్వలేదు. అట్లాంటి వాళ్లకు ఎగతాళి కూడా అర్థం కాదు. అది వాళ్లకున్న పెద్ద అదృష్టం.

వాళ్లలో అందరికన్నా లావైనవాడు రావుబహద్దూరు. పలకల గనుల యజమాని. బిరుదు ఎందుకొచ్చిందో ఎవరికీ తెలియదు. వంగి వంగి నడుముకు వచ్చిందని పెద్దయ్య అనేవారు. కరువు పనుల కింద పెద్దారవీడు వైపు వేస్తున్న రోడ్డుకు అతనే గుత్తేదారు. ఆ రోడ్డు చూడటానికి కలెక్టరు వస్తున్నాడని మామిడి తోరణాలు కట్టించాడు. కూలీలకు తాగునీటి బండి మాత్రం పెట్టించలేదు.

కలెక్టరు రావడానికి ముందు రోజు మధ్యాహ్నం ఆ రోడ్డు మీద దీనమ్మ అనే ఆమె రాళ్లు కొడుతూ పడిపోయి చనిపోయింది. కబురు తెలిసి పెద్దయ్యా నేనూ వెళ్లాం. ఆమె భర్త కంకర కుప్ప పక్కన కూర్చుని ఉన్నాడు.

“ఏమయింది నాయనా?” పెద్దయ్య అతని పక్కనే కూర్చున్నారు.

“నీళ్లు అడిగింది సామీ. కుప్ప అయినాక తాగుదువులే అన్నాడు మేస్త్రి. అది మళ్లా అడగల్యా.”

నేను కాగితం తీసి ‘ఒక కూలి స్త్రీ’ అని మొదలుపెట్టాను. పెద్దయ్య ఆపారు. “పేరు రాయి. కూలి అని రాస్తే, ఒక కూలి తగ్గిందనుకుంటారు. మనిషి పోయిందనుకోరు.”

మర్నాడు మొదటి పేజీ అంతా దీనమ్మే. మేస్త్రి మాట, భర్త మాట, గుత్తేదారు పేరు, ఒకే ఒక్క ‘శ్రీ’తో. అడుగున ఒక్క వరుస: ‘కలెక్టరు దొరవారు ఈ దినము రోడ్డు పని చూచుటకు వచ్చి వెళ్లిరి.’

మరునాటి పొద్దుటికే రావుబహద్దూరు గోదాములో నిలబడ్డాడు. తోరణాల గురించి, సన్మానపత్రం గురించి తను రాయించిన నాలుగు పుటలు చేతిలో ఉన్నాయి.

“ఏంది పెద్దయ్యా ఇది? అంత దొర వచ్చినాడు, ఒక్క ముక్కేనా రాసేది?”

“వచ్చినాడు, పోయినాడు. ఇంకేం చేసినాడో చెప్పు, రాస్తా.”

“ఆ ఆడమనిషి ముందే జబ్బు మనిషి. తప్పు పడిందని రేపు వేసుకో. లేకుంటే కోర్టులో చూసుకుందాం.”

“ఏ అక్షరం తప్పో చూపించు. అదొక్కటే తీసి సరైంది పెడతా. నా వృత్తే అది.”

రోడ్డు మీదికి నీటి బండి ఆ రోజే వచ్చింది. దావా కూడా వచ్చింది.

కోర్టులో ముగ్గురు వ్యాపారులు దేవుని మీద ప్రమాణం చేసి, నీటి బండి మొదటి రోజు నుంచీ ఉందని చెప్పారు. ఆ ముగ్గురూ ఆ రోడ్డు మీద కాలు పెట్టినవాళ్లు కాదు. పత్రిక వచ్చిన రోజు మా గోదాముకొచ్చి “బాగా రాసినారు” అని పెద్దయ్య చేతులు పట్టుకున్నవాళ్లు. దీనమ్మ భర్త మాత్రం నడిచి వచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అతని మాటతీరుకు ప్లీడరు నవ్వితే, వెనక బెంచీల్లో పెద్దమనుషులంతా నవ్వారు. క్షమాపణ వేస్తే వదిలేస్తామన్నారు. పెద్దయ్య వెయ్యలేదు. జైలుకు పోయారు. ఆయన అక్కడుండగానే గోదాము యజమాని తాళం వేశాడు, యంత్రం పాత ఇనుము కింద పోయింది.

విడుదలయ్యాక ఆయన గిద్దలూరు చేరి, స్టేషను అరుగు మీద పశులకాపరులకు అర్జీలు రాసి బతికారు. నేను చూడబోతే ఎప్పుడూ ఆ కోర్టు సంగతి ఎత్తలేదు. ఒక్కసారి మాత్రం, “అబద్ధం చెప్పినోళ్ల మీద నాకు కోపం లేదు. నవ్వినోళ్లను మాత్రం మనుషుల్లో చేర్చుకోలేకపోతున్నా” అన్నారు. నేనూ చేర్చుకోలేదు. రాయడమూ, రాసినదానికి నిలబడటమూ రెండూ ఒకే పని అని ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఇప్పుడు ఆ నవ్వినవాళ్లే మార్కాపురంలో సంతాపసభ పెట్టారు. అధ్యక్షుడు రావుబహద్దూరు. “మేమిద్దరం అన్నదమ్ములట్ల మెలిగినాం” అని కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. పెద్దయ్య ఫోటో ఎక్కడా దొరక్క ఒక ఖాళీ కుర్చీకి దండ వేశారు. ఆలస్యంగా వచ్చిన ప్లీడరొకడు చోటు లేక ఆ దండ పక్కకు జరిపి అందులోనే కూర్చున్నాడు. ఎవరూ లేవమనలేదు. నేనే లేచి బయటికి వచ్చేశాను.

ఆ సభ వార్త మద్రాసు పత్రికలో పడింది. ఆ కాగితం పట్టుకుని గిద్దలూరు వెళ్లాను. పెద్దయ్య భార్య, మా పెద్దమ్మ, చాటలో చింతపండు పోసుకుని గింజలు తీస్తోంది. చదవమంటే చదివాను. అధ్యక్షులు ఎవరు, వక్తలెవరు, వందన సమర్పణ ఎవరు, ఎవరికెన్ని బిరుదులు. చివరి వరుసలో పెద్దయ్య పేరు, ఇంటిపేరు తప్పుతో.

ఆమె అంతా విని, “ఇంతకూ దీంట్లో పోయిందెవురు?” అంది.

ఆమె నా చేతిలోంచి కాగితం తీసుకుని ఎండలో పరిచింది. నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టి, తీసిన గింజలన్నీ దాని మీద ఆరబోసి, మళ్లీ చాట ముందుకు లాక్కుంది.