ఆలస్యంగా వచ్చిన పుట్టింటి చీర

ఇది చదివేవాళ్ళు ముందుగా మన్నించండి. నా అక్షరాలు వంకర. ఊళ్ళో అయిదో తరగతితో చదువు ఆగిపోయింది. ఆ తరువాత ఈ చేతికి వల అలవాటైంది గాని కలం కాలేదు. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మీరే సరిచేసుకుని చదువుకోండి.

మా బామ్మర్ది పోయాడు. నా భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. కిడ్నీలు పాడై చాలా కాలం మంచాన పడి తీసుకున్నాడు. కబురు వచ్చేసరికి నేను భావనపాడు ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటున్నాను. దాన్ని ఇసుకలోనే వదిలేసి బయలుదేరాను. దారిపొడుగునా ఏడ్చాను. ఆ ఏడుపు అబద్ధం కాదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఒక్క చుక్క రాలేదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. నాకు మాటలు తక్కువ. అందుకే రాస్తున్నాను.

మంచివాడు. అది ముందు రాయాలి. నా పెళ్ళినాటికి వాడు మా ఆవిడ చెంగు పట్టుకుని తిరిగే పిల్లాడు. తరువాత నా తెప్ప మీదే సముద్రం నేర్చుకున్నాడు. నేర్చుకుని నన్నే మించిపోయాడు. ఒకసారి ఒడ్డు దగ్గర పెద్ద కెరటానికి తెప్ప తిరగబడింది. నేను దాని కింద ఇరుక్కుపోయాను. వాడు మునిగి, నా జుట్టు పట్టుకుని లాక్కొచ్చి ఇసుకలో పడేశాడు. కళ్ళు తెరిచేసరికి పిడికెడు జుట్టు చేతిలో పట్టుకుని నవ్వుతున్నాడు.

"అక్కకి ఏటని సెప్పను బావా? నీ పెనిమిటిని తెచ్చేను గాని బోడిగుండు సేసేసేనని సెప్పాలా?"

ఆ రోజే ఇంకో మాట కూడా అన్నాడు. "కెరటానికి ఎదురెళ్ళాల బావా. ఈపు సూపిత్తే కొట్టేత్తాది." ఆ మాట వాడకుండా వాడికి రోజు గడిచేది కాదు. పిల్లలకు చెప్పేవాడు, తాగి పోట్లాడుకునే వాళ్ళకు చెప్పేవాడు, పెళ్ళిళ్ళలో కొత్త అల్లుళ్ళకు చెప్పి నవ్వించేవాడు.

తరువాత గల్ఫుకు వెళ్ళాడు, అక్కడ చేపల బోటు మీద కళాసీగా. మొదటి జీతంతో అక్కకు పసుపు రంగు చీర పంపాడు. మా ఆవిడ దాన్ని కట్టింది తక్కువ, చూపించింది ఎక్కువ.

కరోనా వచ్చిన కాలంలో మా ఆవిడకు గుండె నీరసించింది. ఆయాసం. టెక్కలి ఆసుపత్రికి తీసుకెళితే ముందు ఆ రోగం పరీక్షే చేశారు. లేదన్నారు, గుండే అన్నారు. కానీ ఆయాసం అన్న మాట వింటే చాలు, జనం గుమ్మం దాకా కూడా వచ్చేవారు కాదు. ఆమె ఒక్కటే అడిగేది. "మావోడు బయల్దేరేడా?" విమానాలు మళ్ళీ తిరుగుతున్నాయని తెలిసి వాడు సీటు సంపాదించాడు. విశాఖపట్నంలో దిగిన రోజు తెల్లవారుజామునే ఆమె పోయింది.

పొద్దున్నే ఫోను చేశాడు. చెప్పాను. చాలాసేపు ఏడ్చాడు. "ఊపిరాడక పోయిందా బావా?" అని అడిగాడు. అవునన్నాను. ఉన్నదే కదా చెప్పాను.

"పై దేశం నుండి వచ్చినోలందరికీ ముక్కులో పుల్ల ఎట్టి పరీక్ష సేస్తన్నారు బావా. సూసి గాని వొదలరంట. వొదిలీగానే వస్తాను. సీర తెచ్చేను. నానొచ్చీదాకా ఉంచు."

ఉంచాను. మాలో ఆడమనిషి పోతే పుట్టింటి చీర కప్పాకే పాడె లేస్తుంది. తమ్ముడి చేతి చీర కప్పకుండా పంపితే దిక్కులేనిదాన్ని పంపినట్టే. మధ్యాహ్నం దాటాక మళ్ళీ ఫోను వచ్చింది.

"నాకున్నాదని సెప్పేరు బావా. పంపరంట."

పక్కింటి పెద్దావిడ, ఆ రోజు దగ్గరకొచ్చింది ఆవిడొక్కతే, పెట్టె తెరిచి ఆ పసుపు చీర తీసింది. "ఇది తమ్ముడు కొన్నదే కదరా. ఇదీ పుట్టింటిదే. కప్పేయ్" అంది. కప్పాను. పాడె మోయడానికి నలుగురు దొరకడమే కష్టమైంది.

తరువాత రోజూ నేనే వాడికి ఫోను చేసేవాణ్ణి. భార్య పోయినవాణ్ణి నేను, ధైర్యం చెప్పింది కూడా నేనే.

"వాసన తెలుస్తన్నాదేటిరా?"

"లేదు బావా. ఏటీ తెలీటం లేదు."

"ఆకలేస్తన్నాదా?"

"నోటికి ఏటీ రుసించట్లేదు బావా."

చేపల వ్యానులో ఎండు నెత్తళ్ళు పంపాను, ఒంటికి బలమని కోడిగుడ్లు కూడా పంపాను. ఎక్కడ ఉంచారురా అంటే, ఒక గదిలో ఒక్కణ్ణే ఉంచారని, తనతోపాటు దిగిన విశాఖ స్నేహితుడు అందుకుని తెచ్చిస్తాడని చెప్పాడు.

కొన్ని వారాలకు వచ్చాడు. చేతిలో కొత్త చీర, కవరు కూడా విప్పలేదు. ఆకుపచ్చది. నా కాళ్ళ దగ్గర కూలబడి ఏడిస్తే నేనే లేపాను. "నీ తప్పేటుందిరా. రోగం మన సేతిలో ఉన్నదేటి?" అన్నాను. వాడు నా ముఖం చూడలేదు. దుఃఖం అనుకున్నాను. ఆ చీరను కవరుతోనే పెట్టెలో దాచాను.

అప్పటినుంచి మళ్ళీ గల్ఫు వెళ్ళలేదు. ఏటా అక్క పోయిన రోజున ఒక చీర తెచ్చి మా వాడలో ఎవరో ఒక ముసలమ్మకు ఇచ్చేవాడు. వద్దురా అన్నా వినేవాడు కాదు. ఇలాంటి తమ్ముడు ఎవరికుంటాడని నేనే పదిమందికీ చెప్పుకున్నాను. ఇంకో సంగతి. అక్క పోయాక కెరటం మాట వాడి నోట మళ్ళీ వినలేదు. అదీ దుఃఖమే అనుకున్నాను.

ఇక వాడు పోయిన రోజు. శవం దగ్గర ఒకతను వచ్చి నా పక్కన కూర్చున్నాడు. వాడితోపాటు ఆ విమానంలో దిగిన స్నేహితుడే. మంచిమాట చెప్పాలనే మొదలుపెట్టాడు.

"ఆ రోజుల్లో నువ్వంపిన నెత్తళ్ళు మా ఆడదే వొండింది మావా. ఇద్దరం లొట్టలేసుకుని తిన్నాం."

"మీ ఇంట్లోనా? ఆడిని గదిలో ఎట్టేరు కదా?"

"గదేటి మావా? ఇద్దరికీ లేదనే వచ్చింది. బయటకొచ్చి టీ తాగేం. అప్పుడు నీకు ఫోను సేసి ఉన్నాదని సెప్పేడు. అదేటిరా అంటే, అక్క ఊపిరాడక పోయిందంట, నాకు బయమేస్తన్నాది, నాను ఎల్లలేను అన్నాడు. నీకు తరవాత సెప్పేసుంటాడనుకున్నాను."

అతని తప్పేమీ లేదు. నా ముఖం చూశాక లేచి వెళ్ళిపోయాడు.

ఆ రోజుల్లో రోగం ఉన్నవాళ్ళు లేదని చెప్పి ఊళ్ళో దూరారని విన్నాను. లేనివాడు ఉందని చెప్పి ఆగిపోవడం నేనెక్కడా వినలేదు. భయమని ఒక్క ముక్క చెబితే అర్థమయ్యేది. ఊరంతా భయపడింది, వాడూ భయపడ్డాడు అనుకునేవాణ్ణి. చీర ఎవరి చేతో పంపమనేవాణ్ణి. అక్కను అరుగు మీద పెట్టుకుని నేను మధ్యాహ్నం దాటేదాకా వాడి కోసం కాచుకుని ఉంటే, వాడు టీ తాగాడు. వాసన తెలీట్లేదని చెబుతూ నా నెత్తళ్ళు తిన్నాడు. నా జుట్టు పట్టి లాగినవాడు, ఆ చేత్తోనే ఇది చేశాడు. ఆ రెండు చేతులూ ఒకటేనని నా బుర్రకు ఎక్కడం లేదు.

పెద్దదినం కర్మకు వాడి కొడుకు పిలిచాడు. "మావా, పాగా నువ్వే సుట్టాలి నాకు." వెళ్ళాలనే చొక్కా వేసుకున్నాను. గుమ్మం దాటలేకపోయాను. ఫోనులో జ్వరమని చెప్పాను. ఎందుకన్నానో, దగ్గు కూడా ఉందన్నాను.

మర్నాడు ఆ పిల్లాడు చేపల వ్యానులో కోడిగుడ్లు పంపాడు. సాయంత్రం ఫోను చేశాడు.

"వాసన తెలుస్తన్నాదా మావా?"

ఫోను పెట్టేశాను.

వాణ్ణి మన్నించానని రాయను. మన్నించలేదు. కానీ అడగడానికి వాడు లేడు. ఆ రోజుల్లో మీలో ఎవరైనా ఇలా చేసి ఉంటే, రోగం లేకుండా ఉందని చెప్పి అయినవాళ్ళ చావుకు వెళ్ళకుండా ఆగిపోయి ఉంటే, నాకు ఒక ముక్క రాయండి. తిట్టడానికి కాదు. ఆ అబద్ధం ఆడాక ఆ రాత్రి మీకు ఎలా గడిచిందో, ఆ తరువాత నిజం చెప్పడానికి ఏది అడ్డొచ్చిందో తెలుసుకోవాలని ఉంది. సంవత్సరీకానికి ఆ పిల్లాడు మళ్ళీ పిలుస్తాడు. ఈలోపు నాకు తెలియాలి.

ఆకుపచ్చ చీర పెట్టెలోంచి తీశాను, ఎవరికైనా ఇచ్చేద్దామని. మొన్న కవరు విప్పి దండెం మీద వేశాను. సముద్రపు గాలి లోపల దూరినప్పుడల్లా మనిషి కట్టుకున్నట్టే ఉబ్బుతోంది, గాలి ఆగగానే ఖాళీగా వేలాడుతోంది. ఇంకా తీయలేదు. త్వరగా రాయండి.