ఉదయలక్ష్మి నేర్చుకున్న తగలాగ్ తిట్లు

మా ఉదయలక్ష్మి పిన్నిని ఎనిమిది నెలల పాటు ఒకావిడ నవ్వుతూ తిట్టింది. ఆ ఎనిమిది నెలలూ పిన్ని కూడా నవ్వుతూ పలికింది. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

పిన్నిది తణుకు. అరవై రెండేళ్లు. దేశంగాని దేశంలో, వెర్రిబీ అనే ఊళ్లో ఒక వృద్ధాశ్రమంలో దుప్పట్లు ఉతికి, మడతపెట్టి గదిగదికీ చేర్చడం ఆమె పని. సూపర్‌వైజర్ రోవీనా మనీలా నుంచి వచ్చిన ముప్పై ఐదేళ్ల మనిషి. పిన్నిని వాళ్ల తగలాగ్ భాషలో "తంగా" అని పిలిచేది. పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవకూడదని మనకున్నట్టే వాళ్లకీ ఉంటుందని, ఆ మాటకు అత్తో పిన్నో అని అర్థమని మా పిచ్చి పిన్ని అనుకుంది. పిలిచినప్పుడల్లా మురిసిపోయింది. పక్కవాళ్లు ఎందుకు కిసుక్కుమంటున్నారో ఆలోచించనే లేదు.

ఒకరోజు పిన్ని, ఆశ్రమంలో ఉంటున్న ఫిలిప్పీన్స్ ముసలమ్మ కొరాసోన్ గదిలో దుప్పటి మారుస్తూ, ఎంతో మర్యాదగా "గుడ్ మార్నింగ్, తంగా" అంది. ముసలమ్మ ముఖం కందిపోయింది. ఎవరు నేర్పారో అడిగి తెలుసుకుంది.

"అది బుద్ధిలేనిదానా అని తిట్టడం," అంది మెల్లగా.

ఆ సాయంత్రం పిన్ని మా ఇంటికొచ్చి ఏడ్చింది.

"తిట్టినందుక్కాదే. 'కమింగ్, కమింగ్' అంటా పరిగెత్తాను చూడు, అది తట్టుకోలేకపోతన్నాను."

"హెచ్‌ఆర్‌కి కంప్లైంట్ ఇద్దాం పిన్నీ."

"సారీ అని ఒక ఈమెయిల్ పడేస్తది. నాకది చాల్దు. అందరి ముందూ దాని తల వంగాల."

మర్నాటి నుంచి కొరాసోన్ దగ్గర కూర్చుని తిట్లన్నీ నేర్చుకుంది. బ్రూహా అంటే మంత్రగత్తె. మబాహో అంటే కంపు. అన్నీ తను రోజూ విన్నవే. పళ్లు నూరుకుంది. రోవీనా ఎదుట మాత్రం ఎప్పటిలాగే నవ్వుతూ, సమయం కోసం కాచుకుంది.

రెండు నెలలకు రోవీనా తల్లి మనీలా నుంచి వచ్చింది. రిటైరైన టీచరమ్మ. కూతురు ఆవిణ్ణి తీసుకొచ్చి అందరికీ పరిచయం చేసింది.

"మా భాష ఏమైనా వచ్చా?" అని పిన్నిని ఆవిడ ఇంగ్లీషులో అడిగింది.

"మీ అమ్మాయే నేర్పింది," అంది పిన్ని. "తంగా. బ్రూహా. మబాహో. రోజూ నన్ను ఇలాగే పిలుస్తుంది."

రోవీనా ముఖంలో నెత్తురు చుక్క లేదు. తల్లి కూతురికేసి చూసి, వాళ్ల భాషలో ఒక్క మాట అని, పిన్ని వైపు చూపించింది. వాళ్లలో చిన్నవాళ్లు వంగి పెద్దల చెయ్యి నుదుటికి ఆనించుకుంటారు. దేవుడు చల్లగా చూడాలని పెద్దలు దీవిస్తారు. రోవీనా అందరి ముందూ వంగి, పిన్ని చెయ్యి తన నుదుటికి ఆనించుకుంది.

ఆ దీవెన మాట కూడా పిన్నికి కొరాసోన్ నేర్పింది. తల్లి దానికోసం ఎదురుచూసింది. వంగిన కూతురూ ఎదురుచూసింది. పిన్ని దీవించలేదు. చాలాసేపయ్యాక చెయ్యి లాక్కుని, పనిలోకి వెళ్లిపోయింది.