రౌండ్లలో చిన్న నర్సు మాట్లాడకూడదు

హైదరాబాదు మీద పోలీసు చర్య జరిగిన ఆ వారం, వాంతులూ విరేచనాలతో వాడిపోయిన నా ఏడు నెలల బాబును ఎత్తుకుని మెట్టుగూడ నుంచి ఆసుపత్రికి నడిచాను. బళ్లు తిరగక సగం మంది నర్సులు డ్యూటీకి రాలేదు. పిల్లల వార్డులో ఇద్దరే మిగిలారు: పెద్ద సిస్టర్, కోస్తా నుంచి శిక్షణకు వచ్చిన చిన్న నర్సు.

మేం చేరిన రోజే చిన్న నర్సు, ఒక బిడ్డకు జ్వరం పెరిగిందని నేరుగా డాక్టరుతో చెప్పింది. ఆయన అటు వెళ్లగానే పెద్ద సిస్టర్ వార్డంతా వినేలా కేకలేసింది.

"ఏందే, డాక్టరమ్మవు ఎప్పుడైనవ్? నేను మూగదాన్నా? రౌండ్లల్ల నీ పని సారు చేతులు కడుక్కునేతందుకు చెంబు పట్టుకునుడు. గంతే!"

"తప్పయిపోయిందండి."

మర్నాడు పొద్దున చిన్న నర్సు బాబు మాడు తడిమింది. ఒంట్లో నీరు తగ్గి గుంటపడి ఉంది. మొలకు కట్టిన గుడ్డ చూసింది. రాత్రి నుంచి పొడిగానే ఉంది. "సిస్టర్ గారికి చెప్తానండి," అని బల్ల దాకా వెళ్లింది. అక్కడ పెద్ద సిస్టర్ రౌండ్లకు ముందే, మంచాల దగ్గరకు రాకుండానే, అందరి చార్టులూ నింపేస్తోంది. ఇద్దరితో మరోలా పని తెమలదు కూడా. చిన్న నర్సు చెప్పకుండానే చెంబు తీసుకుని తిరిగొచ్చింది. నా కళ్లలోకి చూడలేదు.

ఇది రాస్తూ కూడా రెండుసార్లు లేచి వాడి గుడ్డ తడిమి వచ్చాను.

డాక్టరు వచ్చారు. పెద్ద సిస్టర్ చార్టు చదివింది. "పాలు తాగుతుండు సార్. మూత్రం రెండుసార్లు."

"ఒక్కసారీ పోయలేదు," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ అన్నాను.

"జెర ఆగమ్మా. చదువుకున్న తల్లులతోని ఇదే పరేషాన్!"

డాక్టరు పక్క మంచం వైపు అడుగేశారు. నేను చిన్న నర్సు మోచెయ్యి పట్టుకున్నాను. చెంబులో నీళ్లు తొణికాయి.

"నువ్వు చూశావు కదమ్మా. చెప్పు."

ఆమె పెద్ద సిస్టర్ కేసి చూసింది. నేను మోచెయ్యి వదల్లేదు.

"గుడ్డ పొడిగా ఉందండి," అంది చివరికి. "మాడు కూడా లోపలికి పోయిందండి."

డాక్టరు వెనక్కి వచ్చి చూసి, వెంటనే తొడలో సెలైన్ ఎక్కించమన్నారు. సూది గుచ్చేటప్పుడు బాబు కాలు కదలకుండా పట్టుకున్నది పెద్ద సిస్టరే. ఆ చేతులు ఎంత నేర్పుగా, ఎంత మెత్తగా పట్టుకున్నాయో చెప్పకపోతే అబద్ధమవుతుంది. సాయంత్రానికి వాడు నా చీర తడిపాడు.

మర్నాడు చిన్న నర్సు కనిపించలేదు. ఏమైందని అడిగాను.

"దవాఖాన బట్టలు ఉడకబెట్టే కాడికి పంపిన," అంది పెద్ద సిస్టర్, బాబు నోట్లో చెంచాతో నీళ్లు పోస్తూ. "ఆడ ఎంత మాట్లాడినా ఎవ్వరు వద్దనరు."

ఆ పిల్ల తప్పేమీ లేదని చెప్పాలని నోరు తెరిచాను. బాబు ఇంకా రెండు రోజులు పెద్ద సిస్టర్ చేతుల్లోనే ఉండాలి. "అలాగా సిస్టర్," అన్నాను.