తేమ ఎంతుందో తాతారావు గారిని అడగండి

తాతారావు గారిని ఏది అడిగినా జవాబు రెండు అంకెల్లో వచ్చేది. మొదటిది ఎండ, రెండోది గాలిలో తేమ. "బాగున్నారా సార్?" అంటే చొక్కా జేబులోంచి అగ్గిపెట్టెంత మీటరు తీసి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, "ముప్పై రెండు, డెబ్బై ఒకటి" అనేవారు. బాగున్నట్టో లేనట్టో అడిగినవాళ్లే తేల్చుకోవాలి.

చెట్లకు పట్టే పురుగుల మీద పరిశోధించే ఆఫీసులో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరయ్యారాయన. ఆఫీసు ఆయన్ని వదిలింది గానీ పురుగులు వదల్లేదు. ఒకసారి అబిడ్స్‌లో డాక్టరు, "జ్వరం ఎంతుంది?" అంటే, "లోపలా, బయటా?" అని ఎదురడిగారు. "పెళ్లిచూపుల్లో కూడా నన్ను చూడలేదమ్మా, గోడకున్న థర్మామీటరు చూశారు" అనేవారు భార్య జానకమ్మ.

నాంపల్లిలో వాళ్ల అపార్టుమెంటు గేటు పక్కన ఒక వేపచెట్టు. దాని కింద తొమ్మిదేళ్లుగా విజయ ఇస్త్రీ బండి. ఆమె బట్టల మీద నాలుగు చుక్కలు చల్లిందంటే చాలు, ఆయన ఎక్కడున్నా ప్రత్యక్షం.

"ఆగాగు! తేమ మూడు పాయింట్లు పెరిగింది."

"పొడి బట్టకు ఇస్త్రీ ఎట్ల జేస్త సారూ?"

"అటు తిరిగి చల్లు. చెట్టు మీద పురుగుకి పండగ చేస్తున్నావు నువ్వు."

విజయ అటు తిరిగి చల్లేది. ఆయన వెళ్లగానే ఇటు తిరిగేది.

ఆ ఏడు వానలు వెళ్లాక వేపచెట్టుకు ఏదో అయింది. చిటారు కొమ్మలు నిప్పు తగిలినట్టు మాడిపోయాయి. సంక్రాంతి వెళ్లేసరికి చెట్టంతా ఎండుపుల్లలే. విజయకు దిగులు పట్టుకుంది. బొగ్గుల పెట్టె పట్టుకుని వేసవిలో నీడ లేకుండా నిలబడాలంటే మాటలా!

అపార్టుమెంటు సెక్రటరీ ప్రసన్నకుమార్ మేడ మీద మీటింగు పెట్టాడు. "చెట్టు చచ్చింది. కొమ్మ విరిగి ఎవరి నెత్తిన పడ్డా జవాబు చెప్పాల్సింది నేను. కొట్టేయడానికి అనుమతి అడుగుదాం."

తాతారావు గారు లేచారు. అందరూ గడియారాలు చూసుకున్నారు.

"చావలేదయ్యా. ఒక దోమలాంటి పురుగు లేత కొమ్మల్ని కుట్టింది. ఆ పుండులోకి బూజు దూరింది. రెండింటికీ తేమే ప్రాణం. ఎండ ముదిరి గాలి పొడిబారితే పిల్లపురుగులు బతకవు, బూజు ఆగుతుంది, చెట్టు చిగురేస్తుంది. ఏప్రిల్ దాకా ఆగండి."

"వెయ్యకపోతే?"

తాతారావు గారు సెక్రటరీని పక్కకు తీసుకెళ్లారు. ఏం మాట్లాడుకున్నారో గానీ, అతను ఒప్పుకున్నాడు.

ఇక ఆయన రోజుకు పదిసార్లు చెట్టు దగ్గరికి వచ్చేవారు. ఫిబ్రవరిలో తేమ నలభైకి దిగిన రోజు లడ్డూలు పంచారు. మార్చిలో అకాల వాన పడి ఎనభై నాలుగుకు ఎక్కిన రోజు అన్నం ముట్టలేదు. విజయ మాత్రం పొద్దున పోసే రెండు బిందెల నీళ్లు చెట్టు మొదట్లో పోస్తూనే ఉంది. కానీ లోపల మండుతూనే ఉంది. ఒకరోజు జానకమ్మ దగ్గర అననే అనేసింది.

"సారుకు చెట్టు ఫికరే, పురుగు ఫికరే. చెట్టు పోతే నేను యాడ నిలవడుతనో ఒక్క మాటన్న అడిగిన్రా?"

జానకమ్మ నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు చూసి విజయకు ఇంకా ఒళ్లు మండింది.

ఏప్రిల్ రెండో వారంలో ఒక మధ్యాహ్నం, "ముప్పై తొమ్మిది, పందొమ్మిది!" అని సందంతా వినబడేలా ఒక కేక. విజయ తలెత్తి చూసింది. ఎండుపుల్లల చివర ఎర్రగా, వేలి గోరంత చిగుళ్లు.

సెక్రటరీ కూడా వచ్చి చూశాడు. జేబులోంచి ఒక కాగితం తీసి విజయ చేతికిచ్చాడు. "సారు రాసిచ్చారు. ఇక నాకు దీనితో పనిలేదు. చదువుకో."

విజయ కూడబలుక్కుంటూ చదివింది. చెట్టు బతకని పక్షంలో, గేటు పక్కన రేకుల కింద తన పార్కింగు జాగా విజయ ఇస్త్రీ బండికి ఇస్తున్నట్టు, అక్కడ తన సొంత కరెంటుతో ఫ్యాను పెట్టిస్తున్నట్టు, ఎవరూ అడ్డు చెప్పకూడదని ఉంది. కింద తాతారావు గారి సంతకం. పక్కనే జానకమ్మ సంతకం.

"గిదేంది సారూ, నాకు ఒక్క ముక్క జెప్పొద్దా?"

ఆయన ఎన్నడూ లేనంత ఇబ్బంది పడ్డారు. "చెబితే చెట్టు పోతుందనే ఒప్పుకున్నట్టు కాదూ?"

"మరి మీ స్కూటర్ యాడ పెడ్దమనుకున్నరు?"

"అదా... అది ఆలోచించలేదు."

జూన్‌లో మొదటి వాన దంచి కొట్టింది. లేత వేపాకు ఆ వానను ఏం ఆపుతుంది? విజయ బట్టల మూటల మీద పట్టా కప్పుతూ ఉరుకులాడుతుంటే, తాతారావు గారు లుంగీ ఎగ్గట్టుకుని గొడుగు కూడా లేకుండా దిగొచ్చారు. తన స్కూటరును రేకుల కిందినుంచి వానలోకి తోసి, ఇస్త్రీ బండికి ఒక పక్క పట్టుకుని లోపలికి లాగారు.

"అయ్యో, స్కూటర్ తడుస్తది సారూ!"

"తడవనివ్వమ్మా. దానికి పురుగు పట్టదు."